రిపీటర్

అతనికి ఆ పేరు పెట్టింది నేనే. ముందే చెప్పేస్తున్నాను. కథ సగానికి వచ్చాక ఒప్పుకునే ధైర్యం నాకుంటుందని నమ్మకం లేదు.

మాది కంకర కంపెనీ. కొండ కింద క్వారీ, దానికి ఇరవై కిలోమీటర్ల అవతల క్రషర్, ఇంకో దిక్కున తారు కలిపే ప్లాంటు, ఈ మూడింటికీ మధ్యలో ఆఫీసూ కాటా ఉన్న యార్డు. నేను యార్డులో కాటా గుమాస్తాను. లారీ వచ్చి కాటా మీద ఆగితే బరువు చూసి చీటీ రాసివ్వడం నా పని. నా గదికీ పక్కనున్న వైర్‌లెస్ గదికీ మధ్య ప్లైవుడ్ గోడ, గోడకో అద్దం. ఆ అద్దం అవతల పందొమ్మిదేళ్లు కూర్చున్న మనిషి గురించే ఇదంతా.

వాకీటాకీలను మేం సెట్లంటాం. కంపెనీ మొత్తానికి నలభై పైచిలుకు సెట్లుంటే, వాటన్నిటికీ తల్లీ తండ్రీ అతనే. ప్రతి బ్యాటరీకీ తెల్ల టేపు అంటించి అది ఎప్పుడు వచ్చిందో రాసేవాడు. సాయంత్రం డ్రైవర్లు విసిరేసి పోయిన సెట్లను పాత పళ్ల బ్రష్షుతో దుమ్ము దులిపి, ఒక్కోదాన్నీ చెవి దగ్గర ఊపి చూసేవాడు. లోపల ఏ స్క్రూ వదులైందో ఆ ఊపుతోనే తెలిసిపోయేది. పనిలో వంక పెట్టడానికి లేదు. ఉన్న లోటల్లా ఒకటే, మాట. నత్తి అంటే అలాంటిలాంటి నత్తి కాదు. మొదటి అక్షరం గొంతులో పట్టుకుందంటే మెడ నరాలు తేలేవి, కుడికన్ను మూసుకుపోయేది, చెయ్యి తొడ మీద టపటపా కొట్టుకునేది. చూసేవాళ్లకే ఆయాసం వచ్చేది.

వైర్‌లెస్ పనిలో రిపీటర్ అని ఒక పెట్టె ఉంటుంది. దూరంగా ఉన్న సెట్టు మాటను అందుకుని, అదే మాటను మళ్లీ గట్టిగా పంపుతుంది. నేను ఉద్యోగంలో చేరిన రెండో వారం, అతను నన్ను టీకి పిలవడానికి వచ్చి "టీ టీ టీ టీ" దగ్గరే నిలబడిపోయాడు. "మనకు స్తంభం మీద ఇంకో రిపీటర్ ఎందుకయ్యా, కింద కుర్చీలో ఉన్నాడుగా!" అన్నాను. గదిలో ఉన్నవాళ్లు కడుపుబ్బ నవ్వారు. అతనూ నవ్వాడు. అతనే నవ్వాడు కదా అని మేం ఆ పేరు ఖాయం చేసేశాం. హాజరు రిజిస్టరులో తప్ప ఎక్కడా అతని అసలు పేరు మిగల్లేదు.

నోటితో కుదరదు కాబట్టి అతను బటన్‌తో మాట్లాడేవాడు. సెట్టు మీద మాట్లాడే బటన్ ఉంటుంది కదా, దాన్ని ఇలా నొక్కి అలా వదిలితే అవతలి సెట్టులో టిక్కుమంటుంది. రెండు టిక్కులంటే ఔను. ఒక్క టిక్కంటే కాదు. మూడు వరసగా కొడితే వస్తున్నానని. కొత్త డ్రైవర్లు కూడా వారంలో నేర్చేసుకునేవారు. అలా పందొమ్మిదేళ్లు గడిపేశాడు. ఇంట్లో ఆ బటన్ అవసరం కూడా లేదు. వాళ్లావిడ ఇస్త్రీ కొట్టు నడుపుతుంది, గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషి. అతను నోరు తెరవగానే ఆ మాట తనే అనేసేది. పధ్నాలుగేళ్ల కాపురంలో మొగుడి నోట ఒక్క వాక్యం చివరిదాకా విని ఎరగనని నవ్వుతూ చెప్పేది.

ఇంతలో లింకు వచ్చింది.

అంతకుముందు ఏ సైటు సెట్లు ఆ సైటుకే వినబడేవి. క్రషర్‌లో రాయి ఇరుక్కుంటే ఆ సంగతి క్వారీకి తెలిసేసరికి పది లారీలు బయలుదేరి రోడ్డు మీద వరస కట్టేవి. మేనేజరు విసిగిపోయి ఒక ఇంజనీరును పిలిపించాడు. ఒక్కో సైటులో ఒక చిన్న నల్లపెట్టె పెట్టారు. సెట్టులో అన్న మాట పెట్టెలోకి పోతుంది, పెట్టెలోంచి ఇంటర్నెట్‌లోకి, అక్కణ్ణించి మిగతా మూడు సైట్ల సెట్లలోకి. ఇంజనీరు కంప్యూటరు ముందు కూర్చుని టకటకా ఏదో కొట్టాడు. స్తంభాలెక్కి తీగలు లాగిందీ, నాలుగు చోట్లా పెట్టెలు బిగించిందీ రిపీటరే. చేతుల చర్మం లేచిపోయింది.

అన్నీ బిగించాక మేనేజరు క్వారీ నుంచి పిలిచి "వినబడుతోందా?" అని అడిగాడు. రిపీటర్ అలవాటుగా రెండు టిక్కులు కొట్టాడు. అటునుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. మళ్లీ కొట్టాడు. లేదు.

ఇంజనీరు తల ఎత్తకుండా చెప్పాడు. "అరసెకను కన్నా తక్కువ నొక్కితే పెట్టె దాన్ని మాట కింద లెక్కెయ్యదండి. చప్పుడనుకుని పారేస్తుంది."

మేనేజరు తిరిగొచ్చాక ఈ సంగతి చెబితే పొంగిపోయాడు. "పోన్లే, ఆ టిక్కుటిక్కుల పీడ విరగడైంది." అప్పుడే రిపీటర్ వైపు తిరిగాడు. "చూడు రిపీటరూ, ఇకనుంచి పొద్దున ఎనిమిదింటికి ఈ గదిలోంచి అన్ని సైట్లనూ పిలవాలి. ఎక్కడ క్లియర్, ఎక్కడ కాదు, చెప్పించుకోవాలి. ఈ కుర్చీలో కూర్చునేవాడికి నోరుండాలి. నెల రోజులు చూస్తా. నీవల్ల కాకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటా. ఏమంటావ్?"

"స స స స..."

"సరేనంటావా? తల ఊపు చాలు. నీ 'సరే' వచ్చేలోపు నాకు భోజనం టైమవుతుంది."

రిపీటర్ తల ఊపాడు.

మొదటి మూడు రోజులూ నరకం. అతనికి అన్నిటికన్నా కష్టమైన మాట 'క్రషర్'. అది లేకుండా పిలవడం కుదరదు. పైగా క్రషర్ ఆపరేటరు ఒకడున్నాడు, ఎవరి గొంతైనా అచ్చం దింపేస్తాడు. ఇటు "క్ర క్ర క్ర" అంటుండగానే అటునుంచి "క్ర క్ర క్రషర్ క్లి క్లి క్లియర్" అని జవాబు. దాని వెనకే క్వారీలో నవ్వు, ప్లాంటులో నవ్వు. ఇదివరకు అతన్ని చూసి యార్డు ఒక్కటే నవ్వేది. లింకు వేశాక అన్నిటికన్నా ముందు, అన్నిటికన్నా స్పష్టంగా అందింది ఆ నవ్వే. నేనూ నవ్వాను. అద్దంలోంచి అతను నావైపు చూస్తే చీటీల పుస్తకం అడ్డం పెట్టుకున్నాను. ముఖం దాగింది గానీ భుజాలు దాగలేదు.

నాలుగో రోజు పొద్దున నేను లారీ బరువు చూస్తున్నాను. సెట్టులో ఒక గొంతు వచ్చింది. "యార్డు నుంచి అన్ని సైట్లకూ. క్వారీ, చెప్పండి. క్రషర్, చెప్పండి. ప్లాంటు, చెప్పండి." నిదానమైన, బరువైన గొంతు. ఎవరో కొత్త మనిషిని పెట్టేసుకున్నారు, పాపం రిపీటర్ పని అయిపోయింది అనుకుంటూ అద్దంలోంచి చూశాను. మైకు పట్టుకుని ఉన్నది అతనే. కన్ను మూసుకుపోలేదు. చెయ్యి తొడ మీద కదలకుండా ఉంది. చెవిలో ఒక ఇయర్‌ఫోన్ ఉంది. అటు క్రషర్ ఆపరేటరుకి ఏం వెక్కిరించాలో తోచక, బుద్ధిగా "క్లియర్" అన్నాడు. కాటా మీది డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు, నాకు చీటీ రాయడం తోచలేదు.

మధ్యాహ్నం అతను నన్ను లోపలికి పిలిచి, పాత చీటీ వెనక రాసి చూపించాడు. ఇంజనీరు పోతూ పోతూ ఒక చిన్న సెట్టు వదిలి వెళ్లాడట. మన మాట నిజంగా ఇంటర్నెట్ దాకా పోయిందో లేదో వినడానికి. ఇక్కడ మైకులో అన్న మాట అంత దూరమూ తిరిగి అరక్షణం ఆలస్యంగా ఆ రెండో సెట్టులో వినబడుతుంది. ఆ రోజు లింకు సరిచూద్దామని దాని తీగ చెవిలో పెట్టుకుని మాట్లాడాడు, మాట ఆగలేదు. "నా గొంతు నాకు వెనకాల వినబడితే నత్తి రావట్లేదు. ఎవరికీ చెప్పకు" అని చివర రాసి, కింద గీత గీశాడు.

నేను నమ్మలేదు. ఆ తీగ నా చెవిలో పెట్టి మైకు చేతికిచ్చాడు. "యార్డు కాటా నుంచి" అనబోయాను. నా మాటే వెనకనుంచి వచ్చి నా మీద పడేసరికి "యా యార్డు కా కాటా" అని తడబడ్డాను. మూడుసార్లు ప్రయత్నించి మూడుసార్లూ బోల్తా పడ్డాను. నత్తి ఉన్నవాణ్ణి బాగుచేసే ఆ చిన్న సెట్టు, లేనివాడికి నత్తి తెప్పిస్తోంది. రిపీటర్ కుర్చీలో వెనక్కి వాలి, కళ్ల నీళ్లొచ్చేలా నవ్వాడు. ఇంకొకరి మాట తడబడితే అతను నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. అందులో విషం చుక్క కూడా లేదు. నా నవ్వుకీ అతని నవ్వుకీ తేడా అప్పుడే తెలిసింది. తెలిసి ఏం లాభం?

ఆ వారంలోనే వాళ్లావిడ క్యారేజీ పట్టుకుని వచ్చింది. నా కిటికీ దగ్గర ఆగి సెట్టులో వస్తున్న గొంతు వింది.

"ఎవరన్నయ్యగారూ ఈ కొత్తాయన? ఎంత బాగా మాట్లాడుతున్నాడో."

"మీ ఆయనేనమ్మా."

"ఊరుకోండి, మీకెప్పుడూ వేళాకోళమే."

అద్దంలోంచి చూడమన్నాను. చూసింది. ఎప్పుడూ నోరు మూతపడని మనిషి, ఆ పూట క్యారేజీ నా బల్ల మీద పెట్టేసి మాటా పలుకూ లేకుండా వెళ్లిపోయింది. గేటు దాటేదాకా కొంగుతో ముఖం తుడుచుకుంటూనే ఉంది.

మూడో వారం మళ్లీ వచ్చింది, ఈసారి అగ్గిలా ఉంది. "చూడండన్నయ్యగారూ, ఇక్కడ నాలుగు సైట్లతో గడగడా మాట్లాడతారా, ఇంటికొస్తే నాతో మళ్లీ అదే నత్తి. మాట్లాడండంటే తల దించుకుంటారు. ఊరందరికీ ఉన్న మాట నాకే కరువైందా?"

అతని చెవిలో తీగ సంగతి నేనొక్క ముక్క చెబితే ఆమె మనసు కుదుటపడేది. చెప్పలేదు. మాట ఇచ్చానని కాదు, ఆ తగువు ఎంతదాకా పోతుందో చూద్దామని.

నెల గడువుకి రెండు రోజులున్నాయనగా యజమాని వచ్చాడు. లింకు చూసి పోదామని. మేనేజరు ఇస్త్రీ చొక్కా నలగకుండా నిలబడి, నాలుగు సైట్లకూ తనే స్వయంగా యజమాని రాక గురించి చెబుతానన్నాడు. "లేవవయ్యా, లే" అంటూ రిపీటర్ భుజం పట్టి కుర్చీలోంచి లేపాడు. ఆ లాగుడుకి ఇయర్‌ఫోన్ తీగ రెండో సెట్టులోంచి ఊడి, రిపీటర్ చెవికి వేలాడుతూ ఉండిపోయింది. తీగ ఊడితే ఆ సెట్టు బయటికే మోగుతుంది. రిపీటర్ దాన్ని ఆపేద్దామని చెయ్యి చాచాడు. మేనేజరు ఆ చెయ్యి పక్కకి తోసి మైకు నొక్కాడు.

"అన్ని సైట్లకూ మ మనవి. ఈ రోజు మన య య యజ..."

తన మాటే టేబుల్ మీంచి అరక్షణం వెనక గట్టిగా మోగుతూ వస్తుంటే, మేనేజరు ఆగాడు, మళ్లీ మొదలెట్టాడు, మళ్లీ ఆగాడు. "యజ యజమాని గా గారు..." అటు క్రషర్ ఆపరేటరు పాత స్నేహితుడు తిరిగొచ్చాడనుకున్నాడు. "రి రి రిపీటరూ, మ మ మళ్లీ వచ్చావా!" అన్నాడు. క్వారీ నవ్వింది, ప్లాంటు నవ్వింది. యజమాని కూడా నవ్వాపుకోలేక, "ఏమయ్యా, నీకూ అంటుకుందా?" అన్నాడు. మేనేజరు ముఖాన నెత్తురు చుక్క లేదు.

యజమాని కారు గేటు దాటగానే మేనేజరు నా గదికి వచ్చాడు. "ఏం జరిగింది లోపల? నాకెందుకలా అయింది?" అని అడిగాడు. నన్నెవరూ బెదిరించలేదు. తెలియదు అంటే సరిపోయేది. అయినా చెప్పేశాను. రెండో సెట్టు, చెవిలో తీగ, అరక్షణం ఆలస్యం, అన్నీ. మేనేజరుకి తెలియని విషయం నాకు తెలుసని చూపించుకోవాలన్న ముచ్చట తప్ప ఇంకో కారణం లేదు.

మేనేజరు ఆ చిన్న సెట్టును తీసి తన డెస్కు సొరుగులో పెట్టి తాళం వేశాడు. రిపీటర్‌ని కుర్చీలో కూర్చోబెట్టాడు. "నెల్లాళ్లుగా మోసం చేశావన్నమాట. ఇప్పుడు చెప్పు. నాలుగు సైట్లూ వింటున్నాయి. పెద్ద మాటలొద్దు, నీ పేరు చెప్పు చాలు."

రిపీటర్ మైకు నొక్కాడు. మెడ నరాలు తేలాయి. కన్ను మూసుకుపోయింది. పేరులో మొదటి అక్షరం పెదాల దగ్గర పట్టుకుని కదల్లేదు. చెయ్యి తొడ మీద కొట్టుకుంటోంది, ఆ చప్పుడు మాత్రం నాలుగు సైట్లకూ పోతోంది. మా సెట్లలో ఒక ఏర్పాటుంది. ఎవరైనా నిమిషం దాటి బటన్ నొక్కి ఉంచితే, పాడైందనుకుని సెట్టు దానంతటదే కట్ అయిపోతుంది. ఆ నిమిషం పూర్తయింది. బీప్ మని కట్ అయింది. వెంటనే క్వారీ నుంచి ఎవరో, ఎగతాళి కాదు, నిజంగానే అన్నారు. "యార్డు, మీ సెట్టు బటన్ ఇరుక్కున్నట్టుంది. చూసుకోండి."

"విన్నావా, సెట్టు పాడైందంటున్నారు," అన్నాడు మేనేజరు. "సరే, నేనేం రాక్షసుణ్ణి కాదు. రేపు సాయంత్రం ఐదింటికి నా గదికి రా. 'నాకు ఈ ఉద్యోగం కావాలి' అను. నాలుగే మాటలు. కాగితం లేదు, టిక్కుల్లేవు, పెట్టెల్లేవు. నోటితో అడిగితే కుర్చీ నీదే."

మర్నాడు మధ్యాహ్నం మొగుడూ పెళ్లాం కలిసి వచ్చారు. అతను ఆమెకు అంతా కాగితం మీద రాసి చెప్పినట్టున్నాడు. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి, కోపం మాత్రం లేదు.

"అన్నయ్యగారూ, ఆ చిన్న సెట్టు ఒక్కటి ఇప్పించండి. ఈ పూటకే."

"సెట్టొక్కటే ఉంటే లాభం లేదమ్మా. మాట అంత దూరం తిరిగి, ఆలస్యంగా వెనక్కి రావాలి. అప్పుడే పనిచేస్తుంది."

"అంత దూరం తిరిగి రావడం ఎందుకు? ఈయన అన్న మాట ఈయన వెనకాల అనడానికి నేను లేనూ?"

కాటా వెనక పాత బ్యాటరీలు పేర్చిన రేకుల షెడ్డు ఉంది. ఇద్దరూ అందులోకి పోయారు. లారీకీ లారీకీ మధ్య నాకు వినబడుతూనే ఉంది. అతను ఒక మాట అనడం, అది పూర్తికాకుండానే ఆమె వెనకనుంచి అందుకోవడం. మొదట్లో ఆమె పాత అలవాటు కొద్దీ ముందే అనేసేది. "అయ్యో, మళ్లీ తొందరపడ్డాను, మళ్లీ అనండి" అనేది. పధ్నాలుగేళ్లు మొగుడి కన్నా ముందు మాట్లాడిన మనిషి, అరక్షణం వెనకబడడం ఆ షెడ్డులో నేర్చుకుంది. నాలుగింటికల్లా ఆ నాలుగు మాటలూ తడుముకోకుండా వచ్చాయి. ఒకసారి కాదు, ఆరుసార్లు. నేను లెక్కపెట్టాను.

ఐదింటికి మేనేజరు గది నిండింది. చీటీల కోసం ఆగిన డ్రైవర్లు, ఆఫీసు వాళ్లు, ఈ తమాషా చూడ్డానికే క్రషర్ నుంచి దిగిన ఆపరేటరు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. రిపీటర్ బల్ల ముందు నిలబడ్డాడు, భార్య అతని ఎడమ భుజం వెనక. మేనేజరు ఆమెను చూసి కనుబొమలెత్తాడు గానీ, పెట్టెలొద్దన్నాడే తప్ప పెళ్లాం వద్దనలేదు.

"నాకు," అన్నాడు అతను.

"నాకు," అంది ఆమె, మెల్లగా.

"ఈ ఉద్యోగం," అన్నాడు.

"ఈ ఉద్యోగం," అంది.

ఇంకొక్క మాటే మిగిలింది. అంత నిశ్శబ్దంలో ఒక్క ముక్క విసిరితే ఎలా పేలుతుందో నాకు బాగా తెలుసు. అలాంటి అదను వస్తే నా నోరు నా మాట వినదు.

"అబ్బో, రిపీటర్‌కే రిపీటరు పెట్టారే!" అన్నాను.

గది పేలిపోయింది. మేనేజరు బల్ల చరిచి నవ్వాడు. ఆమె నావైపు తిరిగింది. అన్నయ్యగారూ అని పిలిచిన మనిషి చూసే చూపు కాదది. అలా తిరగడంలో ఆమె వెనకాల అనడం మరిచిపోయింది. అప్పటికే అతను చివరి మాట మొదలుపెట్టేశాడు.

"కా కా కా కా..."

"కాకొచ్చిందర్రా!" అన్నాడు క్రషర్ ఆపరేటరు. డ్రైవర్లు కాకుల్లా కావుకావుమన్నారు. ఆమె గబగబా "కావాలి, కావాలి అంటున్నారండీ, కావాలి" అని మేనేజరుకి చేతులు జోడించింది. "నువ్వంటే చాలదమ్మా," అన్నాడు మేనేజరు, కళ్లు తుడుచుకుంటూ. రిపీటర్ నోరు మూసుకున్నాడు. భార్య జోడించిన చేతులను పట్టుకుని కిందికి దించాడు. మళ్లీ ప్రయత్నించలేదు.

తన టిఫిన్ డబ్బా తెచ్చుకోవడానికి వైర్‌లెస్ గదిలోకి వెళ్లాడు. నేను నా గదిలోకి వచ్చి, అద్దంలోంచి చూడకుండా, బల్ల మీది సెట్టు అందుకుని బటన్ నొక్కాను. ఏం అనాలో తెలియక, "సరదాగా అన్నానోయ్, మనసులో పెట్టుకోకు. సరేనా?" అన్నాను.

కాసేపటికి నా సెట్టులో ఒక్క టిక్కు వినబడింది. రెండోది వస్తుందేమోనని చూశాను. రాలేదు. క్వారీకీ, క్రషర్‌కీ, ప్లాంటుకీ ఆ టిక్కు పోలేదు, పెట్టె దాన్ని చప్పుడనుకుని పారేసి ఉంటుంది. యార్డులో దాన్ని విన్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఇంకేదైనా అందామని బటన్ నొక్కి పట్టుకున్నాను. మాట రాలేదు. నిమిషం తర్వాత బీప్ మని కట్ అయింది.